సవరణ: నీటిలో ఫినాల్ పరిమితి, పరీక్ష విధానం

నీటిలోని ఫినాల్ (విషపూరితమైన ఒక కర్బన రసాయనం) జాడలను ద్రవ క్రొమటోగ్రఫీతో (ద్రవంలో కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) పట్టుకోవడం గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. తాగునీటిలో ఫినాల్ సమ్మేళనాల పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము అని రాశాను. అది వెయ్యి రెట్ల పొరపాటు. భారత ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం ఆ పరిమితి 0.001 మిల్లీగ్రాము, అంటే 1 మైక్రోగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 0.002 మిల్లీగ్రాము దాకా అనుమతి ఉంది. తాగే నీటి విషయంలో ఇది చిన్న తప్పు కాదు. చదివినవారు క్షమించాలి.

రెండో తప్పు మొదటిదాని వల్లే వచ్చింది. నమూనాను నేరుగా యంత్రంలోకి ఎక్కిస్తే చాలన్నాను. ఇంత తక్కువ మోతాదు మామూలు అతినీలలోహిత డిటెక్టరుకు ఆనదు. ముందుగా గాఢత పెంచాలి. అర లీటరు నీటిని పాలిమర్ కార్ట్రిడ్జి (ఫినాళ్లను పట్టి ఉంచే పాలిమర్ నింపిన చిన్న గొట్టం) గుండా పంపి, అందులో నిలిచిన ఫినాళ్లను 1 మిల్లీలీటరు మిథనాల్‌లోకి దించితే, నష్టమేమీ లేకుంటే, గాఢత 500 రెట్లవుతుంది. అంతకుముందే నీటిని ఆమ్లంతో పీహెచ్ 2కు తేవాలి. ఈ మెట్టును దయచేసి వదిలేయకండి. పెంటాక్లోరోఫినాల్ (క్లోరిన్ చేరిన ఒక ఫినాల్) వంటివి తటస్థ నీటిలో అయాన్లుగా (విద్యుదావేశమున్న కణాలుగా) ఉండి, కార్ట్రిడ్జికి సరిగా అంటకుండా జారిపోతాయి. కలుషితమైన నీరు కూడా శుభ్రమైనదిగా లెక్క తేలుతుంది.

పాత వ్యాసంలో ఈ రెండు చోట్లా దిద్దాను.