పేరు లేని గాలికి లెక్క లేదా?

2024 మే 26, ఆదివారం రాత్రి రెమాల్ తుపాను బెంగాల్, బంగ్లాదేశ్ తీరాన్ని తాకింది. తాకడానికి ముందే ప్రధాని సమీక్ష జరిపారు. కోల్‌కతా విమానాశ్రయాన్ని 21 గంటలు మూసేశారు. బెంగాల్ తీరంలో లక్ష మందికి పైగా జనాన్ని తరలించారు. అంతా సబబే. అదే ఆదివారం సాయంత్రం తెలంగాణలో లేచిన గాలిదుమారం 13 మంది ప్రాణాలు తీసింది. వారిలో సగం మంది ఒక్క నాగర్‌కర్నూల్ జిల్లా వాళ్లే. తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న షెడ్డు కూలి ఓ రైతు, ఆయన కూతురు, పనికొచ్చిన ఇద్దరు కూలీలు అక్కడికక్కడే చనిపోయారు. ఈ గాలికి ఎవరూ పేరు పెట్టలేదు. పేరు లేని గాలికి సమీక్షలుండవు, తరలింపులుండవు. విపత్తు నిధి నుంచి సాయం ఇచ్చేందుకు కేంద్రం రాసుకున్న విపత్తుల జాబితాలో చోటు కూడా ఉండదు.

2024 నాటి ఆ జాబితాను ఒకసారి చదవండి. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం, మంచు చరియలు, కుంభవృష్టి, చీడపీడలు, చలిగాలులు. మొత్తం 12. సముద్రమే లేని తెలంగాణకు సునామీ సాయం రాసిపెట్టి ఉంది. ఏటా మార్చి నుంచి జూన్ దాకా ఊళ్లను చెరిగేసే ఈదురుగాలి మాత్రం అందులో లేదు. పిడుగు కూడా లేదు. 2022లో దేశవ్యాప్తంగా ప్రకృతి ప్రకోపానికి 8,060 మంది బలైతే, అందులో 2,887 మంది పిడుగుపాటుకే పోయారని కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ నేర నమోదు బ్యూరోనే (ఎన్‌సీఆర్‌బీ) లెక్క తేల్చింది. అందరికంటే ఎక్కువ మందిని చంపేది జాబితా బయట ఉంది. దీన్ని ఏమనాలి?

రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చాం కదా అని ఢిల్లీ వాదన. స్థానిక విపత్తులుగా ప్రకటించుకుని రాష్ట్ర విపత్తు నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చని, పిడుగుల్లాంటి వాటికి అవగాహనే మందని చెబుతున్నారు. తుపాను విషయంలోనూ అవగాహన, ముందస్తు తరలింపే మందు. అయినా తుపాను సాయానికి 10 శాతం గిరి గీయలేదే! ఒక చావుకు నిధి మొత్తం తెరిచి ఉంటుంది, ఇంకో చావుకు అందులో ఓ మూల మాత్రమే. పోయినవాళ్లు ఇద్దరూ మనుషులే, వాళ్లను పోగొట్టుకున్నవి రెండూ పేద ఇళ్లే.

పంటల దగ్గర ఈ ద్వంద్వనీతి మరీ వెగటు పుట్టిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మామిడికి పేరు. వడగళ్లు పడి కాయ రాలితే అది కేంద్ర నిబంధనల ప్రకారం విపత్తు. వడగళ్లు లేకుండా ఉత్త గాలికే తోటంతా నేలపాలైతే కాదు. కింద పడ్డ కాయను చూసి ఏది వడగళ్ల కాయ, ఏది గాలి కాయ అని అధికారులు ఎలా తేలుస్తారో మాకైతే అంతుబట్టదు. సరే, విపత్తే అనిపించుకున్నా నష్టం 33 శాతం దాటాలి. దాటితే 2024 నాటి లెక్కన తోటలకు హెక్టారుకు రూ.22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి తొమ్మిది వేలన్నమాట. తోటను కౌలుకు పట్టి అప్పు తెచ్చి మందులు కొట్టినవాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు కాబట్టి ఆ తొమ్మిది వేలూ అతని చేతికి రావడం కష్టమే.

రాష్ట్రాన్నీ వదిలిపెట్టలేం. 2020లో ఫసల్ బీమా నుంచి బయటికొచ్చి దానికి బదులు మరో బీమా పెట్టకుండా నాలుగేళ్లు గడిపిన రాష్ట్రం ఇది. 2023 మార్చిలో వడగండ్ల వాన ముంచినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి ఎకరానికి రూ.10 వేలు ప్రకటించారు. బాధితులకు అది ఊరటే, కానీ ఆ సారికి ఆ ముఖ్యమంత్రి దయ. హక్కుగా రాసిచ్చింది కాదు. మళ్లీ బీమాలో చేరతామని కొత్త ప్రభుత్వం 2024 మార్చిలో చెప్పింది. ఈలోగా రోహిణి కార్తె వచ్చేసింది.

చేయలేనిదా అంటే, ఒడిశా చేసింది. సుడిగాలి, టోర్నడో, పిడుగు, వడదెబ్బ, చివరికి పాముకాటును కూడా రాష్ట్ర విపత్తులుగా రాసుకుంది. ఒడిశా గాలి వేరు, పాలమూరు గాలి వేరు కాదు కదా.

బెంగాల్‌లోని జల్పాయిగుడి అనుభవం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2024 మార్చి 31న మైనాగుడి ప్రాంతాన్ని నిమిషాల్లో సుడిగాలి తుడిచిపెట్టింది. నాయకులు రాత్రికి రాత్రే వాలారు, ఓదార్పులు మోగాయి. తీరా కూలిన ఇళ్లకు డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి ఎన్నికల కోడ్, అనుమతి అంటూ రోజులు గడిచాయి. కోడ్ అడ్డం పడే అవకాశం ఎందుకొచ్చింది? సాయం నిబంధనగా కాక నాయకుడి ప్రకటనగా వస్తుంది కాబట్టి. తెలంగాణలో ఈ గాలి వీచినప్పుడూ కోడ్ ఉంది.

ఇక హెచ్చరికలు. ఎండకు ఉడికిన నేల మీద పేరుకున్న ఉరుముల మేఘం నుంచి చల్లటి గాలి ఒక్కసారిగా కిందికి దూకితే కొన్ని నిమిషాల్లోనే అయిపోతుంది. తుపానులా నాలుగు రోజుల ముందు దాన్ని పట్టుకోలేరు, నిజమే. రెండు మూడు గంటల ముందైతే పసిగట్టవచ్చు. వాతావరణ శాఖ అలాంటి హెచ్చరికలు ఇస్తూనే ఉంది. అవి చాలాచోట్ల కలెక్టరేట్ వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చి ఆగిపోతున్నాయి. సగం లేచిన గోడ పక్కన పనిచేస్తున్న కూలీకి దిగిపొమ్మని చెప్పే మనిషి లేడు. ఊళ్లలో ఎవరు ఎంత ఎత్తు గోడ లేపి రేకులు కప్పుతున్నారో చూసే ఇంజినీరూ లేడు. దివిసీమ ఉప్పెనలో వేల మంది పోయాకే తుపాను హెచ్చరికల మీద దేశానికి శ్రద్ధ పెరిగింది. ఈదురుగాలి ఒకేసారి అంత మందిని చంపదు. ఊరికి ఒకరు, మండలానికి ఇద్దరు చొప్పున చంపుతుంది. అందుకే అది ఎవరికీ పట్టదు.

ఆ వారం హైదరాబాద్‌లో జరిగిన పెద్ద చర్చ ఏమిటి? రాష్ట్ర చిహ్నంలో చార్మినార్, కాకతీయ తోరణం ఉండాలా, తీసేయాలా అని! ప్రభుత్వమూ ప్రతిపక్షమూ అదే పనిలో ఉండిపోయాయి. 2024 జూన్ 2న రాష్ట్రం వచ్చి పదేళ్లైన పండగ చేసుకున్నారు, ఎవరూ వద్దనలేదు. ఈదురుగాలికి, పిడుగుకు మనిషి పోతే ఎంత, ఇల్లు కూలితే ఎంత, తోట రాలితే ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది తేల్చి చెప్పే జీవో ఒకటి పంచాయతీ గోడకు తెలుగులో అంటించండి. ఉంటే బయటపెట్టండి, లేకపోతే వెంటనే తీసుకురండి. జాబితా మార్చమని ఢిల్లీని అడగాల్సిన ప్రభుత్వానికి చిహ్నం మార్చే తొందర దేనికొచ్చింది?