కాలేజీ సర్క్యులర్ చట్టం కాదు

“ఎవరి పర్మిషన్ తీసుకుని రాశావమ్మా?” ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో పడిన మొదటి ప్రశ్న ఇదే. రాసింది నిజమా కాదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను కొన్నేళ్లు ఒక ప్రభుత్వ కాలేజీలో జర్నలిజం పాఠాలు చెప్పాను. పిల్లలు ప్రాక్టీసు కోసం నడిపే ఎనిమిది పేజీల పత్రిక, ల్యాబ్ జర్నల్, చూసుకునే పని కూడా నాదే. సెకండియర్ అమ్మాయి ఒకతె హాస్టల్ నీళ్ల ట్యాంకు మీద వార్త రాసింది. ట్యాంకుకి మూత లేదు, అడుగంతా నాచు, వారంలో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. నిచ్చెనెక్కి ఫోటోలు తనే తీసింది. పేజీ ఇంకా ప్రింటుకి వెళ్లలేదు, విషయం పైవాళ్లకి తెలిసిపోయింది. సాయంత్రానికి వాళ్ల నాన్నకి ఫోన్ వెళ్లింది. ఆయన మర్నాడు మొదటి బస్సుకి వచ్చి, ఏం జరిగిందో కూడా తెలుసుకోకుండా, చేతులు జోడించి నిలబడ్డారు. ఆ అమ్మాయి చేత అపాలజీ లెటర్ రాయించారు. ఆ ఐటమ్ తీసేసి అక్కడ స్పోర్ట్స్ డే ఫోటోలు పెట్టాం. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇంతకీ పర్మిషన్ ఎవరివ్వాలి? మన రాజ్యాంగంలో పత్రికలకంటూ విడిగా హక్కేమీ రాసి లేదు. రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ విషయం తేల్చే చెప్పారు: పౌరుడికి లేని ప్రత్యేక హక్కేదీ పత్రికకి లేదు, పౌరుడి హక్కే పత్రిక హక్కు. అంటే పెద్ద పత్రిక ఎడిటర్ పౌరులందరికీ భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చే ఏ 19(1)(ఎ) అధికరణం మీద నిలబడి రాస్తున్నారో, సెకండియర్ అమ్మాయి కూడా దాని మీదే నిలబడి రాస్తోంది. ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రెడిటేషన్ కార్డు సెక్రటేరియట్‌లోకి వెళ్లడానికి, బస్ పాస్ తెచ్చుకోవడానికి పనికొస్తుందేమో గానీ, రాసే హక్కు దాని వల్ల వచ్చింది కాదు.

“కాలేజీకి రూల్స్ ఉంటాయి కదా” అంటారు. ఉంటాయి. అయితే ఆ రూల్ ఎంత దూరం పోగలదో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. కేరళలో జాతీయ గీతం పాడలేదని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేశారు. వాళ్లు గీతాన్ని అగౌరవపరచలేదు, లేచి నిలబడ్డారు, తమ మత విశ్వాసం వల్ల పాడలేదు, అంతే. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు రాసింది మన గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మత స్వేచ్ఛ తీర్పుగానే దాన్ని చెప్పుకుంటాం గానీ, విద్యార్థులకు అంతకంటే దగ్గరి మాట ఒకటి అందులో ఉంది. 19(1) కింది హక్కుకి హద్దు పెట్టాలంటే చట్టం ఉండాలి, విద్యాశాఖ సర్క్యులర్ చాలదు. శాఖ సర్క్యులరే చాలనప్పుడు, నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం ఎలా చాలుతుంది?

ప్రైవేటు కాలేజీ సంగతి కొంచెం చిక్కే. ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వం మీద పనిచేసేవి. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ గీత దాటింది. 19, 21 అధికరణాల హక్కుల్ని ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని చెప్పింది. కానీ ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మెస్ గురించి రాసి, దాని కోసం హైకోర్టు దాకా వెళ్తాడా? వాణ్ణి ఆపడానికి కేసు అక్కర్లేదు. ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలో, హాల్ టికెట్ వాళ్ల చేతిలో, టీసీ వాళ్ల చేతిలో. ఇంటికి ఒక్క ఫోన్ చేస్తే చాలు. మన దగ్గర విద్యార్థి విలేకరి నోరు మూయిస్తున్నది చట్టం కాదు, ఈ కాగితాలే. అందుకే హక్కుందని చెప్పి వదిలేస్తే లాభం లేదు. రాసినందుకు మార్కులు, సర్టిఫికెట్లు ఆపకూడదని యూనివర్సిటీ నిబంధనల్లోనే ఉండాలి.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చేసింది దాదాపు ఇదే. దాని వెనక ఒక కథ ఉంది. 1983 మేలో మిస్సోరిలోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ ప్రిన్సిపాల్, విద్యార్థుల పత్రిక ‘స్పెక్ట్రమ్’ నుంచి రెండు పేజీలు తీసేయించారు. ఒక వ్యాసం గర్భం దాల్చిన విద్యార్థినుల మీద, ఇంకొకటి తల్లిదండ్రుల విడాకుల మీద. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో 5-3 తేడాతో స్కూలే గెలిచింది. ఆ దెబ్బ తర్వాత చాలా రాష్ట్రాలు ‘న్యూ వాయిసెస్’ పేరుతో విద్యార్థి పత్రికలకు రక్షణ చట్టాలు తెచ్చుకున్నాయి. కాలిఫోర్నియాకి అలాంటి చట్టం 1977 నుంచే ఉంది. అయినా అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి. టఫ్ట్స్ యూనివర్సిటీ విద్యార్థి పత్రికలో 2024 మార్చిలో గాజా విషయమై మరికొందరితో కలిసి వ్యాసం రాసిన తుర్కియే పరిశోధక విద్యార్థిని వీసాని ప్రభుత్వం రద్దు చేసింది. ఆమెను 2025 మార్చిలో నడివీధిలో పట్టుకుపోయి, ఆరు వారాలు నిర్బంధంలో ఉంచారు. చివరికి ఫెడరల్ జడ్జి ఆదేశిస్తేనే బయటికొచ్చింది.

మళ్లీ హేజల్‌వుడ్‌కి వస్తాను, ఎందుకంటే నాకు అందులో తీర్పు కన్నా ప్రిన్సిపాల్ చెప్పిన కారణాలు ముఖ్యంగా కనిపిస్తాయి. అమ్మాయిల పేర్లు మార్చి రాసినా, మిగతా వివరాలను బట్టి వాళ్లెవరో స్కూల్లో అందరికీ తెలిసిపోతుందన్నారు. విడాకుల వ్యాసంలో ఒక తండ్రిని తప్పుపట్టి, ఆయన మాట అడగలేదన్నారు. ఆ పేజీలు తీసేయడం తప్పని నా అభిప్రాయం. కానీ ఆ రెండు ప్రశ్నలూ ఏ డెస్కులోనైనా సబ్ ఎడిటర్ అడగాల్సినవే. మనం అడగకుండా వదిలేసినవి సెన్సార్ చేసేవాడు అడుగుతాడు, అడిగి మొత్తం పేజీనే లేపేస్తాడు.

పేర్ల విషయంలో మన చట్టం ఇంకా కఠినం. లైంగిక దాడి బాధితురాలు ఎవరో తెలిసేలా రాస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా జైలు. బాధితులు పిల్లలైతే, వాళ్ల మీద లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం సెక్షన్ 23 నిషేధం ఒక్క పేరుతోనే ఆగదు. అడ్రసు, ఫోటో, కుటుంబం, చదివే బడి, ఉండే పేట, ఏది చూసి పోల్చుకోగలిగినా నేరమే. “ఫలానా కాలేజీ, ఈసీఈ సెకండియర్, ఫలానా మండలం” అని రాస్తే పేరు రాయనట్టా? క్లాసులో అరవై మందిలో అమ్మాయిలు ఇరవై మంది, ఆ మండలం నుంచి వచ్చేది ఒక్కతే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగినప్పుడు బాధితురాలి పేరు, ఫోటో ఊరంతా తిరిగాయి. ఆమెకి ‘దిశ’ అనే మారుపేరు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. పెద్ద సంస్థలే తప్పు చేశాయి కదా అని స్టూడెంట్ పేజీకి మినహాయింపు దొరకదు. శ్రేయా సింఘాల్ అనే యువతి వేసిన కేసులో, ఆన్‌లైన్ రాతలకి జైలు వేసే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ 2015లో పోయింది, మంచిదే. పోయింది ఆ ఒక్క సెక్షనే, ఇవన్నీ అలాగే ఉన్నాయి.

పరువునష్టం విషయంలో పిల్లలు ఎక్కువగా పొరబడేది ఒక్కచోటే. “నిజమే రాశాను కదా సార్” అంటారు. న్యాయ సంహిత సెక్షన్ 356 కింద నిజం ఒక్కటే సరిపోదు, అది ప్రజల మేలు కోసం రాసిందై ఉండాలి. లెక్చరర్ విడాకులు నిజమే కావచ్చు, వాటిలో ప్రజలకు పనేముంది? హాస్టల్ ట్యాంకులో నాచు ఉందంటే అది అందరికీ సంబంధించిన విషయం. పేరు బయటపెట్టనని సోర్స్‌కి, అంటే సమాచారం ఇచ్చినవాళ్లకి, మాటిచ్చేటప్పుడూ జాగ్రత్తే. పత్రికల మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్ చట్టం సెక్షన్ 15 ప్రకారం సోర్స్ ఎవరో చెప్పమని ఆ కౌన్సిల్ ఒత్తిడి చేయకూడదు గానీ, కోర్టులో ఆ రక్షణ రాసి లేదు. రక్షణ ఇవ్వాలని లా కమిషన్ 1983లోనే సిఫారసు చేసింది, అది అక్కడే ఆగిపోయింది.

వీటన్నిటికీ నాకు తెలిసిన గట్టి మందు ప్రభుత్వ రికార్డు కాగితమే. సమాచార హక్కు చట్టం పది రూపాయలకి ఆ కాగితం తెచ్చిపెడుతుంది. ఎందుకు అడుగుతున్నావని అధికారి అడగకూడదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ట్యాంకు మీద రాసిన అమ్మాయి ఇప్పుడు ఒక పత్రిక డెస్కులో పనిచేస్తోంది. ఆ మధ్య ఫోన్ చేసి, “సార్, అప్పుడు మనం ట్యాంకు కడిగిన రిజిస్టర్ అడగాల్సింది. వార్డెన్ వెర్షన్ కూడా తీసుకోలేదు నేను” అంది. ఆ మాట జూనియర్లకి చెప్పాను. వాళ్లు అప్లికేషన్ పెట్టారు, వార్డెన్‌ని కలిసి ఆయన చెప్పింది రాసుకున్నారు. ఇరవై ఎనిమిదో రోజున జవాబొచ్చింది. పధ్నాలుగు నెలల్లో ట్యాంకు కడిగింది రెండుసార్లు. ఆ రెండు తేదీలే ఈసారి ల్యాబ్ జర్నల్‌లో హెడ్డింగ్ అయ్యాయి.