వెయ్యి రూపాయల ఇజ్జత్

మన దేశంల కారణం లేకుండ మనిషిని అరెస్టు చేయిస్తే దానికో రేటున్నది, ఎంతమందికి తెలుసో ఏమో. వెయ్యి రూపాయలు. అది గూడ "వెయ్యికి మించకుండ" అని రాసిండ్రు, అంటే జడ్జి సారుకు సబబనిపిస్తే వెయ్యి, లేకుంటే ఐదొందలు, ఏం ఇయ్యకున్నా చెల్లుతది. 1973 చట్టంల ఇది వంద రూపాయలే ఉండె, 2006 కెల్లి వెయ్యి అయ్యింది. 2024 జూలై 1 నాడు ఆ పాత చట్టం, అంటే అరెస్టులు, విచారణలు ఎట్ల జరగాల్నో చెప్పే సీఆర్పీసీ పోయి, దాని జాగల బీఎన్ఎస్ఎస్ వచ్చింది, సెక్షన్ 358 పోయి 399 వచ్చింది. నంబర్ 41 పెరిగింది, పైసలు ఒక్క రూపాయి పెరగలే. ధరలు అదుపు చేసుడు సర్కారుకు చాతకాదని మొత్తుకునేటోళ్లు జర ఈ సెక్షన్ చదువుండ్రి.

ఇదంత నాకెట్ల తెలుసంటే మా కాక పుణ్యం. కాక హన్మకొండల ఆటో నడుపుతడు. 2018ల ఆటోల ఎక్కిన ఒకామె పుస్తెలతాడు పోయింది, ఆటో నంబర్ ఆమెకు యాదికున్నది, ఇంకేముంది. స్టేషన్ పేరు నేను చెప్ప, ఏ స్టేషన్ అయినా రాత ఒక్కతీరే ఉంటది కాబట్టి చెప్పినా ఫరక్ పడదు. కాక "ఒప్పుకోలు" కాగితం నేను చూసిన. "నేను చెడు వ్యసనాలకు బానిసనై, జల్సాలకు అలవాటుపడి, సులభముగా ధనార్జన చేయవలెనను దురుద్దేశముతో..." అని మొదలైతది. మా కాకకు దురుద్దేశం అనే మాట పలకరాదు, ఇప్పటికీ "దుర్దేశం" అంటడు. ఇగ జల్సా అంటే ఆయనకు పొద్దుగాల రెండు చాయ్‌లు, ఐతారం బోటి కూర. చైన్ ఏదిరా అంటే అమ్ముకొని జల్సా చేసిండట. అంత బోటి ఎవలు తిన్నరో మా చిన్నమ్మ ఇప్పటికీ అడుగుతది.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టుల చెల్లదని 1872 కెల్లి చట్టంల ఉన్నది, కొత్త సాక్ష్య చట్టంల గూడ సెక్షన్ 23ల అట్లనే పెట్టిండ్రు. నూటయాభై ఏండ్ల సంది చెల్లని కాగితాన్ని నూటయాభై ఏండ్ల సంది పట్టుదలతోని రాస్తనే ఉన్నరు, సాహిత్యం మీద ఇంత ప్రేమ ఇంకే డిపార్ట్‌మెంట్‌ల ఉన్నది చెప్పుండ్రి.

ముసుగేసి ప్రెస్ మీట్ల నిలవెట్టిండ్రు, తెల్లారి జిల్లా పేపర్ల ఫోటో పడ్డది. ముసుగున్నా సరే, అంగిని బట్టి గల్లీ అంత గుర్తువట్టింది. పదకొండు రోజులు వరంగల్ సెంట్రల్ జైల్ల ఉన్నడు. ఆ జైలు నిజాం కాలంది, 1886ల కట్టింది, 2021ల పెద్దాసుపత్రి కోసమని కూలగొట్టిండ్రు. కాక కేసు కంటే జైలే ముందుగాల విడుదలైంది.

కేసు 2023 దాక నడిచింది. నలభై వాయిదాలు. బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తడు, కాక "ఉన్న సార్" అని చేతులు కట్టుకొని ఉరుకుతడు, ఇంకో తారీకు ఇస్తరు. గిరాకి పోయె, వకీలు ఫీజు పోయె. ఇప్పటికీ రేషన్ షాపుల పేరు పిలిస్తే కాక చేతులు కట్టుకుంటడు. ఆఖరికి కేసు పెట్టిన ఆమెనే గవాహి బోనుల ఒప్పుకున్నది, పుస్తెలతాడు వాళ్ల బియ్యం డబ్బల్నే దొరికిందట, ఎప్పుడో రెండో ఏడే దొరికింది గని చెప్పుడుకు సిగ్గయ్యిందట. కేసు కొట్టేసిండ్రు. పేపర్ల ఒక్క లైన్ రాలే, ముసుగు లేకపోతే ఫోటోకు అందం రాదు కావచ్చు. గల్లీల మాత్రం "పైసలు పెట్టి కొట్టేయించుకున్నడు" అన్నరు.

వెయ్యి అడుగుదామా అని వకీలు సాబ్‌ను అడిగితే నవ్విండు. పిటిషన్ టైపింగుకు, తిరుగుడుకే అంతకంటె ఎక్కువైతదట. పైగా ఆ వెయ్యి ఇచ్చేది పోలీసోళ్లు కాదు, సర్కారు కాదు, పట్టిచ్చినామె. కట్టకపోతే ఆమెను నెల రోజుల దాక లోపలేయొచ్చు. "నాలుగిండ్లల్ల బాసండ్లు తోముకునే ఆమె దగ్గర వెయ్యి యాడివిరా" అని కాకనే వద్దన్నడు. నలభై వాయిదాలకు వెయ్యి అంటే వాయిదాకు ఇరవై ఐదు, చాయ్, సమోస వచ్చేవి. కాక ఆవేశపడి వదులుకున్నడు.

పెద్ద కేసులల్ల ఇరుక్కొని నిర్దోషి అని తేలినోళ్లకు రేటు ఇంకా మంచిగున్నది. బీహార్‌ల రుదుల్ షా 1968లనే నిర్దోషిగ తేలిండు, వదిలింది 1982ల, పద్నాలుగేండ్లకు సుప్రీంకోర్టు ఇప్పిచ్చింది 30 వేలు, సర్కారు ముందే ఇచ్చిన 5 వేలు కలిపితే 35 వేలు, రోజుకు 7 రూపాయలు గూడ కాదు. విజయవాడ హాస్టల్ హత్య కేసుల 2010ల యావజ్జీవం పడ్డ పిలగాన్ని 2017ల మన హైకోర్టే నిర్దోషి అని వదిలి, లక్ష ఇయ్యుమన్నది. ఎనిమిదేండ్లు దాటి లోపల ఉన్నడు, రోజుకు 35 గూడ పడదు, అయినా ఏడుకెల్లి ముప్పై చిల్లర దాక వచ్చినమంటే అభివృద్ధి కాదా. గూఢచారి అని అబద్ధపు కేసుల ఇరికిచ్చిన ఇస్రో నంబి నారాయణన్‌కు 50 లక్షలొచ్చినయి నిజమే, గని 1994ల అరెస్టైతే 2018 దాక ఆగాలె, రాకెట్ సైంటిస్టు గూడ అయ్యుండాలె. మా కాక ఏడో తరగతి. చట్టాల మీద సర్కారుకు సలహాలిచ్చే లా కమిషన్ 2018లనే 277వ రిపోర్టు రాసింది, ఇసోంటోళ్లకు నష్టపరిహారం హక్కుగ ఉండాలని. కొత్త చట్టం రాసినోళ్లు అదంత చదివే ఉంటరు, చదివి వెయ్యిని వెయ్యిగనే ఉంచిండ్రు.

కాక కోర్టు కాపీని లామినేషన్ చేయించి ఆటోల లైసెన్స్, ఆర్సీ, పొల్యూషన్ కాగితంతోని కలిపి పెట్టుకున్నడు. మొన్న ములుగు రోడ్డు మీద చెకింగ్ల అన్నీ కలిపి చేతిల పెట్టిండు. "ఇదేంది?" అన్నడు సారు. "నేను దొంగను కానని కోర్టు ఇచ్చిన కాగితం సార్." సారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "మాకెవ్వలకు లేదు గద ఇసోంటి కాగితం, నీకెందుకున్నది? బండి పక్కకు పెట్టు."