సవరణ: టీబీ డాక్టర్లకూ ఐసీయూ దారి ఉంది

క్షయ, క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం) రంగాల్లో డాక్టర్ల కెరీర్ గురించిన గత పోస్టులో ‘ఐసీయూ స్పెషలిస్టు కావాలంటే మత్తు డాక్టరో, జనరల్ మెడిసిన్ వాళ్లో అయి ఉండాలి’ అని ఉంది. అది సరికాదు. టీబీని చూసే ఛాతీ వైద్యంలో ఎండీ చేసినవాళ్లూ, ఆ తర్వాతి సూపర్ స్పెషాలిటీ కోర్సయిన డీఎం క్రిటికల్ కేర్‌కు అర్హులే.

‘టీబీ అంటే ఎర్రగడ్డ (హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి), ఐసీయూ అంటే కార్పొరేట్’ అన్న వాక్యమూ తీసేశాను. వినడానికి బాగుంటుంది గానీ, రోగం అలా పంచుకుని రాదు. క్షయ మెదడు పొరలకు పాకితే రోగి స్పృహ తప్పవచ్చు. దగ్గులో రక్తం విపరీతంగా పడితే, రక్తం పోవడం కన్నా అది ఊపిరితిత్తుల్లో నిండి ఊపిరాడకపోవడమే ఎక్కువ ప్రమాదం. అందుకే రక్తం కారే వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి, మంచి ఊపిరితిత్తిని కాపాడతారు. పైగా టీబీకి వాడే రిఫాంపిసిన్ అనే మందు, స్టెరాయిడ్ల లాంటి మందుల ప్రభావాన్ని తగ్గిస్తుంది. వాటి డోసు లెక్క మారుతుంది. ఇక్కడ టీబీ అనుభవం ఉన్న డాక్టరు ఐసీయూలో ఉంటే ఎంత తేడానో చెప్పక్కర్లేదు.

మరొకటి: ‘క్షయ రోగులందరూ శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రిలో) ఉండాల్సిందే’ అన్న పాత అభిప్రాయాన్ని 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనమే తోసిపుచ్చింది. ఇంటి దగ్గర వైద్యమూ అంతే బాగా పనిచేసింది.