ఆ గొయ్యి ఆఫ్రికాలో లేదు, ఆ మనుషులు బానిసలు కారు

బురద గోడల మీద చీమల బారులా పాకుతున్న వేలమంది మనుషుల నలుపు తెలుపు ఫోటో ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద వ్యాఖ్య: “వందేళ్ల కిందట ఆఫ్రికా వజ్రాల గనిలో తెల్లదొరలు బానిసల చేత చేయించిన చాకిరీ. ఫోటో తీసినవాడూ ఆ దొరల్లో ఒకడే.”

అది బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో ఉన్న సెర్రా పెలాడా. అక్కడ తవ్వింది బంగారం. సెబాస్టియావ్ సల్గాడో ఆ ఫోటోలు తీసింది 1986లో. అప్పటికి రంగుల ఫిల్ము ఊరూరా దొరుకుతోంది, నలుపు తెలుపు ఆయన కోరి ఎంచుకున్నది.

బానిసలన్న మాట దగ్గర కొంత ఆగాలి, ఎందుకంటే చూసిన కంటికి అలాగే తోస్తుంది. గొయ్యి అంతా సుమారు రెండు మీటర్లకు మూడు మీటర్ల ముక్కలుగా పంచి ఉండేది. ఒక్కో ముక్కకు ఒక హక్కుదారు, అతని కింద మట్టి మోసే కూలీలు. “అమ్మా, ఇక సెలవు” అని పేరుపడ్డ కొయ్య నిచ్చెనల మీదుగా వాళ్లు బరువైన సంచులు పైకి చేర్చేవారు. ముక్కలో బంగారం తగిలిన రోజున, మోసిన ప్రతివాడికీ తాను తెచ్చిన సంచుల్లో ఒకదాన్ని ఎంచుకునే హక్కు ఉండేదని, ఆ కూలీల్లో పట్టభద్రులు కూడా ఉన్నారని సల్గాడో రాశారు. ఆ సంచిలో నిధి ఉండవచ్చు, ఉత్త మన్నే ఉండవచ్చు. దీన్ని దోపిడీ అనండి, జూదం అనండి, ఒప్పుకుంటాను. బానిసత్వం మాత్రం వేరే సంగతి.

తెల్లదొరల పెత్తనమూ అక్కడ లేదు. 1980లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వమే గనిని చేతుల్లోకి తీసుకుని, లోపలికి మద్యాన్నీ స్త్రీలనూ రానివ్వకుండా, బంగారాన్ని ప్రభుత్వ బ్యాంకు చేత కొనిపించింది. అయితే బయటి ప్రపంచానికి ఈ గొయ్యితో సంబంధం లేదనీ అనలేం: 1980 జనవరి 21న ఔన్సు బంగారం 850 డాలర్లు పలికింది, అడవిలోకి అంతమంది ఎగబడడంలో ఆ ధర ఊరింపు తక్కువేమీ కాదు.

ఇక ఫోటోగ్రాఫర్. సల్గాడో బ్రెజిల్‌లోనే పుట్టారు. చదివింది ఆర్థికశాస్త్రం, 1973లో కెమెరా పట్టక ముందు లండన్‌లోని అంతర్జాతీయ కాఫీ సంస్థలో పనిచేశారు. పేద దేశాల సరుకు ధర ఎక్కడ తేలుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. కష్టాన్ని ఆయన మరీ అందంగా చూపారన్న విమర్శలో నిజం ఉందనే నా అభిప్రాయం: బంగారాన్ని పట్టేందుకు వాడిన పాదరసం నీళ్లలో కలిసిన సంగతి ఆ గొప్ప దృశ్యంలో కనబడదు.

కానీ అదే వరుసలో ఇంకో ఫోటో ఉంది. ఒంటిమీద చొక్కా లేని కూలీ ఒకడు మిలిటరీ పోలీసు తుపాకీ గొట్టాన్ని చేత్తో ఒడిసిపట్టి, అతని కళ్లలోకి సూటిగా చూస్తుంటాడు. అది మాత్రం నాకు ఏ గ్రూపులోనూ రాలేదు.