రీరన్ మాహాత్మ్యం

చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా కోసం ఈ లెక్క తప్పకుండా పాటించే హైటెక్ సిటీ కుర్రాళ్లు, ఆఫీసుకొచ్చాక అదే భక్తిని సీఐ పైప్‌లైన్ మీద, అంటే కోడ్ మారినప్పుడల్లా టెస్టులన్నీ తనంతట తానే నడిపే ఏర్పాటు మీద చూపిస్తున్నారు. బ్రౌజర్‌లో పేజీ తెరిచి బటన్లు నొక్కి చూసే టెస్టు ఎర్రబడిందా, అంటే ఫెయిలైందా, రీరన్ కొడతారు. మళ్లీ ఎర్రబడిందా, మళ్లీ కొడతారు. పచ్చబడగానే కళ్లకద్దుకుని కొత్త కోడ్‌ని అసలు కోడ్‌లో మెర్జ్ చేస్తారు. దీన్ని బద్ధకం అంటున్న నాస్తికులను ఖండించడానికే ఈ నాలుగు ముక్కలు. ఒక్క తేడా మాత్రం ఒప్పుకోవాలి: చిలుకూరులో హుండీ లేదు, క్లౌడ్‌లో నిమిషాల లెక్కన బిల్లు పడుతుంది.

కోడ్‌లో అక్షరం మారకపోయినా ఒకసారి ఫెయిలై ఇంకోసారి పాసయ్యే టెస్టును ఫ్లేకీ అంటారు. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉందని గూగుల్ వాళ్లే 2016లో చెప్పుకున్నారు. అంతటివాళ్లకే తప్పనప్పుడు మనకెందుకు టెన్షన్ అని మా లీడ్‌గారు ఆ అంకెను ప్రింట్ తీసి గోడకి అంటించారు.

నాస్తికులు కారణం వెతకమంటారు. బటన్ తెర మీదకి రాకముందే టెస్టు నొక్కేస్తోందట. దానికి మా దగ్గర మందుంది: స్లీప్, అంటే టెస్టును 5 సెకన్లు ఊరికే నిద్రపుచ్చడం. ఈ ఊళ్లో ‘ఐదు నిమిషాల్లో నీ ముందుంటా’ అన్నవాడు ఇంకా మియాపూర్‌లో బనియన్ మీదే ఉంటాడని తెలిసీ మనం రోడ్డు మీద నిలబడతామా లేదా? ఇదీ అంతే. ల్యాప్‌టాప్‌లో సెకనుకే వచ్చే పేజీ, పది బిల్డులు కొట్టుకునే సీఐ మెషీన్‌లో ఆరో సెకనుకి వస్తుంది. అప్పుడు 5ని 10 చేస్తాం. ఇలా పేర్చుకుంటూ పోగా మా రాత్రి బిల్డు ఇప్పుడు తెల్లారేదాకా సాగుతోంది. అందులో సగం నిద్రే. బటన్ సిద్ధమయ్యేదాకా చూసి, అయిన క్షణాన నొక్కే పద్ధతి బ్రౌజర్ టెస్టులు నడిపే సెలీనియంలో ఎప్పటినుంచో ఉంది. అలాంటిదే ఇంకొకటి, ప్లేరైట్ అయితే అడక్కుండానే ఆగుతుంది. కానీ అందులో మొక్కేదీ?

క్రోమ్ మధ్యలో కుప్పకూలడం మరో లీల. మా టెస్టులు నడిచే డాకర్ కంటైనర్‌కి, అంటే మెషీన్‌లో విడిగా కట్టిన చిన్న గదికి, మామూలుగా దక్కే షేర్డ్ మెమరీ 64 ఎంబీ. అందులో క్రోమ్‌ని కూర్చోబెట్టడమంటే బారాత్ మొత్తాన్ని ఒక్క ఆటోలో ఎక్కించడమే. సెట్టింగ్‌లో ఒక్క లైను మారిస్తే తీరేదాన్ని మేం ఆర్నెల్లుగా ‘నెట్‌వర్క్ ప్రాబ్లం’ అని గౌరవంగా పిలుచుకుంటున్నాం.

మొన్న రిలీజ్ రాత్రి జరిగింది వినండి. ‘ఈరోజు తేదీ’ చూసే టెస్టు పన్నెండు దాటగానే ఎర్రబడింది. పది రీరన్‌లు కొట్టినా కనికరించలేదు. కొత్తగా చేరిన అమ్మాయి మెల్లగా అంది: “సార్, సీఐ మెషీన్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. దానికింకా నిన్నే నడుస్తోంది.”

“మంచి పాయింటేనమ్మా, టికెట్ రాసి పనుల లిస్టులో పెట్టు,” అన్నారు లీడ్‌గారు. “ముందు అందరూ టీ తాగి రండి.”

టీ తాగి, కాస్త కునుకు తీసి, ఐదూ నలభైకి పదకొండోది కొట్టాం. పచ్చబడింది! లీడ్‌గారి కళ్లలో నీళ్లు. ఆ అమ్మాయి గడియారం వంక చూసింది గానీ ఏమీ అనలేదు.

కోరిక తీరింది గనక 108 బాకీ. వచ్చే విడత పనిలో, అదే స్ప్రింట్‌లో పెట్టుకున్నాం.