సవరణ: సన్యాసినులు ఊరుకోలేదు

ఫ్రెంచి రచయిత మొపాసా 1880 నాటి కథ ‘బూల్ ద స్వీఫ్’ యుద్ధకాలంలో గుర్రపుబండిలో ఊరు వదిలిపోతున్న ప్రయాణికులది. దాని గురించి మొన్న రాస్తూ, బండిలోని సన్యాసినులిద్దరూ తోటి ప్రయాణికురాలైన వేశ్య విషయంలో నోరు మెదపని ‘మౌనసాక్షులు’ అన్నాను. తప్పు. ఆమె తనతో గడిపితేగాని బండిని కదలనివ్వనన్న ప్రష్యా సైనికాధికారి కోరిక తీర్చమని తోటి ప్రయాణికులు ఆమె వెంటపడుతుంటే, ఉద్దేశం మంచిదైతే చెడ్డపని కూడా పుణ్యమవుతుందని చెప్పేది పెద్ద సన్యాసినే. ఆ మాటలకే ఆమె పట్టుదల సడలుతుంది. ఇంత ముఖ్యమైన చోటును ఎలా దాటేశానో!

తిరిగి బయలుదేరాక, మొదటిరోజు ఆమె తిండిబుట్ట ఖాళీ చేసినవాళ్లే ఆమెను పలకరించరు. సన్యాసినులు వెల్లుల్లి వాసన కొట్టే సాసేజ్ విప్పుకుంటారు. మరో ప్రయాణికుడు కొర్నూదె గడ్డం నిండా ఉడికిన గుడ్ల పచ్చసొన పొడి. అవమానంతో ఏడుస్తున్న ఆమెకు ఒక్క ముక్క అందదు. ‘మౌనసాక్షులు’ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను.